కవరు వేసే తీసుకెళ్లండి

టీచరమ్మ అడిగింది ఒక్క ప్రశ్నే. పడవని ట్రెయిలర్ మీద ఎక్కించి ఆరువందల కిలోమీటర్లు తీసుకెళ్లాలి, కవరు వేసి తీసుకెళ్లనా, తీసేసి తీసుకెళ్లనా అని. జంటకుట్టు తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. అప్పుడతని పాదం మిషను పెడల్ మీద ఉంది.

"వేసే తీసుకెళ్లండి టీచరుగారూ. కట్టుకున్న బట్ట విప్పేసి ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటారా?"

టీచరమ్మ నవ్వింది. నవ్వి మళ్లీ అడిగింది. "అంత గాలికి ఏమీ కాదుగా మాస్టారూ?"

"నా కుట్టు ఊడదు. మీరు నిశ్చింతగా వెళ్లి రండి."

ఒక వరస కుట్టు సరిపోయే చోట రెండు వరసలు వేస్తాడని వీధి అతనికి జంటకుట్టు అని పేరు పెట్టింది. రెండు వరసలకీ మధ్య వేలెడు ఎడం. ఆ ఎడం ముప్పై ఏళ్లలో మారలేదు. కారు సీట్లకీ, మోటారుసైకిళ్లకీ, జనరేటర్లకీ కవర్లు కుట్టాడు. ఒకసారి పియానోకి కూడా కుట్టాడు. పడవకి కుట్టడం ఇదే మొదలు.

టీచరమ్మ లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగేళ్లు కూర్చుని ఆ పడవని తనే చేసుకుంది. పన్నెండడుగుల చెక్క పడవ, ఇద్దరు కూర్చుని తెడ్డు వేసుకోవచ్చు. ఇలా సొంతంగా పడవలు చేసుకున్నవాళ్లు ఏటా ఒక సరస్సు దగ్గర కలుస్తారట. పడవలన్నీ ఒడ్డున వరసగా పెట్టి, పదిమందీ చూశాక నీళ్లలోకి దించుతారట. ఆ వరసలో తన పడవ ఉండాలన్నది ఆవిడ కోరిక.

పడవకి వార్నిష్ వేసింది జంటకుట్టు బావ. అక్క మొగుడు. అతని షెడ్డు జంటకుట్టు దుకాణానికి నాలుగు గుమ్మాల అవతల. ఏడు పూతలు, పూతకీ పూతకీ మధ్య గరుకు కాగితంతో రుద్దడం, మొత్తం ఇరవైమూడు రోజుల పని. టీచరమ్మ ఈ ప్రశ్న అడిగినప్పుడు బావ కూడా దుకాణం గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు.

"విప్పేసే తీసుకెళ్లండమ్మా," అన్నాడు బావ. "ఏడు పూతలు వేశాను. దారి పొడుగునా జనం చూడొద్దూ? పెళ్లికూతుర్ని ముస్తాబు చేసి గోనెసంచి తొడిగినట్టుంది మావాడి యవ్వారం."

"అద్దంలా ఉందంటావు కదా బావా. ఎదురొచ్చే బస్సు డ్రైవరు అందులో మీసం దువ్వుకుంటూ కాలవలో పడితే ఆ పాపం ఎవరి ఖాతాలో వేసుకోవాలి?"

"నా పాలిష్ చూసి పడినవాడు పుణ్యలోకాలకే పోతాడు."

టీచరమ్మ మళ్లీ నవ్వింది. విషయం అక్కడితో తేలిపోయింది.

కవరు వేసే తీసుకెళ్లమనడానికి జంటకుట్టుకి ఇంకో కారణం ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. కవరుకి రెండు పక్కలా, ఎర్ర గుడ్డ కత్తిరించి, జానెడెత్తు అక్షరాల్లో దుకాణం పేరూ ఫోన్ నంబరూ కుట్టాడు. టీచరమ్మ అడగలేదు, అతనే వేశాడు. ఆరువందల కిలోమీటర్లు, రెండు రోజులు, అవతలి నుంచి వచ్చే ప్రతి లారీ డ్రైవరూ ఆ అక్షరాలు చదువుతాడు. కవరు మడిచి జీపులో పడేస్తే ఎవడు చదువుతాడు?

ఇంకోటి కూడా ఉంది. మూడేళ్ల కిందట ఒకాయన కొత్త మోటారుసైకిల్‌కి కవరు కుట్టించుకున్నాడు. దాన్ని అలాగే కవరుతో లారీ ఎక్కించి వేరే ఊరు పంపితే, దిగేసరికి ట్యాంకు మీద రంగు మసకబారింది. దుకాణానికొచ్చి గొడవ పెట్టుకున్నాడు. అప్పుడు జంటకుట్టే ఆయనకి పాఠం చెప్పాడు. "కవరు ఎండకీ వానకీ సార్. కదిలే బండికి కాదు. గాలికి గుడ్డ కొట్టుకుంటుంది, కింద దుమ్ము చేరుతుంది. దుమ్ము చేరిన గుడ్డకీ గరుకు కాగితానికీ తేడా ఏముంది?"

టీచరమ్మ అడిగినప్పుడు ఈ మాట గుర్తు రాలేదని అతను తర్వాత తనకి తాను చెప్పుకుని చూశాడు. గుర్తొచ్చింది. మిషను చక్రం ఒక చుట్టు తిరిగేంత సేపు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎర్ర అక్షరాలు గుర్తొచ్చాయి.

టీచరమ్మ మేనల్లుడి జీపు ట్రెయిలర్‌ని తగిలించుకుని సోమవారం పొద్దున బయల్దేరింది. జంటకుట్టు వీధి చివరిదాకా వెళ్లి చూసి వచ్చాడు. అక్షరాలు బాగా కనపడుతున్నాయి.

బుధవారం మధ్యాహ్నం బావ దుకాణంలోకి వచ్చాడు. ఎప్పటిలా గుమ్మం దగ్గర ఆగి ఒక పుల్ల విరుపు మాట విసరలేదు. సరాసరి లోపలికొచ్చి, కుట్టాల్సిన గుడ్డల కట్ట మీద కూర్చుని, ఫోన్ తీసి చేతికిచ్చాడు.

"చూడు."

టీచరమ్మ పంపిన ఫొటో అది. పడవ అంచు దగ్గర్నుంచి తీసింది. వార్నిష్ మెరవాల్సిన చోట తెల్లటి చారలున్నాయి. అంచు పొడుగునా, ముందు నుంచి వెనకదాకా రెండు చారలు. అక్కడక్కడా పూత మొత్తం పోయి చెక్క బయటపడింది.

"ఏమంటోంది టీచరమ్మ?" అన్నాడు జంటకుట్టు.

"ఆవిడేమంటుంది, పెద్దమనిషి. పడవని వరసలో పెట్టలేదట. అక్కడెవరో పెద్ద పనివాడు చూసి, పూత పచ్చిగా ఉండగానే మీద పూత వేశారు, అందుకే లేచిపోయింది అన్నాడట. నీ కవరు మాత్రం ఒక్క కుట్టు ఊడలేదట. నీకు చెప్పమంది."

జంటకుట్టు ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. చారలు రెండు. వాటి మధ్య వేలెడు ఎడం. ఆ ఎడాన్ని కొలవడానికి అతనికి టేపు అక్కర్లేదు. కవరు అంచు మడత లోపలివైపు తను వేసిన రెండు వరసల కుట్టు ఆరువందల కిలోమీటర్లు రుద్దుకుంటూ పోయి, బావ ఏడు పూతల మీద అచ్చుపడింది.

బావ అతని మొహం వైపే చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఉంటే నయమని తర్వాత అనిపించింది. పనివాడు పనివాణ్ణి అడిగే చూపు అది.

"తేమకి ఆరి ఉండదు బావా," అన్నాడు జంటకుట్టు. "నువ్వు ఐదో పూత వేసిన వారం ముసురు పట్టింది కదా."

బావ తల ఊపాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నేనూ అదే అనుకున్నాను," అని లేచి వెళ్లిపోయాడు.

ఊరుకుని ఉంటే అది వేరే సంగతి. ఊరుకోలేదు. కారణం వెతుక్కుంటున్న మనిషి చేతిలో కారణం పెట్టాడు. వారం కూడా గుర్తుచేసి మరీ పెట్టాడు.

మర్నాడు ఒక లారీ ఓనరు ఫోన్ చేశాడు. దారిలో పడవ కవరు మీద నంబరు చూశానని, తన లారీకి టార్పాలిన్ కుట్టాలని. నాలుగు రోజులకి స్కూలు వ్యాన్లు తిప్పే ఇంకొకాయన చేశాడు, ఆయనా అక్కడే చూశాడట. లారీ పని జంటకుట్టు ఒప్పుకున్నాడు. ఆ టార్పాలిన్‌కి అంచు కుడుతున్నప్పుడు రెండో వరస వేయకుండా ఆపేశాడు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, మళ్లీ వేశాడు.

బావ షెడ్డు ముందు నుంచి వెళ్లడం జంటకుట్టు మానేశాడు. బజారుకి వెళ్లాలంటే వెనక సందు చుట్టి వెళ్లేవాడు. సందులో ఇస్త్రీ బండి ఆవిడ ఒక రోజు అడిగేసింది. "ఏం మాస్టారూ, మీ బావకి బాకీ పడ్డారా ఏంటి?"

"అలాంటిదే," అన్నాడు.

పదకొండో రోజు అక్క వచ్చింది. వస్తూనే దుకాణంలో చీపురు తీసి గుడ్డముక్కలు ఊడవడం మొదలుపెట్టింది. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. తమ్ముడి దుకాణం ఊడ్చే హక్కు తనదేనని ఆవిడ లెక్క, తమ్ముడి పెళ్లాం కూడా ఆ లెక్కకి ఎదురుచెప్పదు.

"మీ బావ డాక్టరుగారి తలుపులు వెనక్కి పంపించేశాడు," అంది ఊడుస్తూనే.

"ఎందుకు?"

"ఇంక చెయ్యడట. పొద్దున్నే లేచి చెయ్యి ఇలా చాపి చూసుకుంటాడు, వణుకుతోందా అని. వణకదు. కళ్లయి ఉంటాయిలే అంటాడు. కుంచెలన్నీ కడిగి కాగితాల్లో చుట్టి పెట్టాడు. ఎవరికైనా ఇచ్చేస్తాడట. టీచరమ్మ స్నేహితులవి రెండు పడవలు రావాల్సింది కదా, అవీ రావు. ఆవిడే ఫోన్ చేసి బాధపడుతూ చెప్పిందట."

జంటకుట్టు కత్తెర కింద పెట్టాడు.

"తప్పు నాదే అనుకో," అంది అక్క. "నేను ఊరుకోవాల్సింది. నోరాగక అనేశాను. మా తమ్ముడి కవరు చూడు, ఆరువందల కిలోమీటర్లు పోయినా నూలుపోగు చెదరలేదు, నీ పూత రెండ్రోజులు నిలవలేదు అని. ఏదో వేళాకోళానికే అన్నాను రా. ముప్పై ఏళ్లుగా మీరిద్దరూ అనుకునే మాటలే కదా అని. నా మొహంలోకి చూడకుండా అన్నం తిని లేచిపోయాడు."

ఆవిడ చెత్త ఎత్తి డబ్బాలో పోసింది. "నువ్వొకసారి వచ్చి మాట్లాడు. నీ మాట అయితే వింటాడు. ముసురే కారణమని నువ్వు చెప్పాకే ఆయనకి అసలు సంగతి అర్థమైందట."

జంటకుట్టు ఆ సాయంత్రమే షెడ్డుకి వెళ్లాడు. దారిలో అనుకున్న మాటలు వేరు. గుమ్మం దాటాక నోట్లోంచి వచ్చిన మాటలు వేరు.

"బావా, నాకెందుకో నీ పూతలో తప్పు లేదనిపిస్తోంది. దారిలో దుమ్మూ ధూళీ ఏదో తగిలి ఉంటుంది."

బావ బల్ల మీద కాగితం పరుచుకుని ఖాళీ డబ్బాలు సర్దుకుంటున్నాడు. చేతిలో డబ్బా పక్కన పెట్టి బావమరిది వైపు చూశాడు. ఆ పదకొండు రోజుల్లో మొదటిసారి కాస్త నవ్వాడు.

"కవరు కింద ఉన్న పడవకి దుమ్మెలా తగులుతుందిరా. నీకు అబద్ధం ఆడటం రాదు. అయినా నాకోసం ఆడావు చూడు, అది చాలు. మీ అక్కతో చెప్తాను, దెప్పడం నీ దగ్గర నేర్చుకోలేదు నీ తమ్ముడని."

సగం నిజం చెబితే దాన్ని దయ అనుకున్నాడు బావ. పదకొండు రోజులుగా మోస్తున్న సిగ్గు మీద ఇప్పుడు ఇంకో మూట పడింది. వెళ్లిపోదామని వెనక్కి తిరిగాడు. గోడకి మేకు మీద పలక వేలాడుతోంది.

బావకి ఒక అలవాటు. ఏ పని ఒప్పుకున్నా ఆ చెక్కలోంచే మూరెడు పలక తీసి, పనికి ఎన్ని పూతలు వేస్తే పలకకీ అన్ని పూతలు, అదే రోజు, అదే కుంచెతో వేస్తాడు. వెనక తేదీలు రాసి గోడకి తగిలిస్తాడు. పడవ పలక వెనక ఏడు తేదీలు ఉన్నాయి. ముసురు పట్టిన వారం తేదీ కూడా ఉంది. ముందువైపు అద్దంలా ఉంది.

"ఇది తీసుకెళ్తాను బావా."

"తీసుకెళ్లు. పొయ్యిలో పెట్టుకో."

మర్నాడు పొద్దున్నే జంటకుట్టు పడవ కవరులో మిగిలిన కాన్వాస్ తీశాడు. అంచు మడిచి రెండు వరసల కుట్టు వేశాడు. ఇత్తడి రింగులు దిగ్గొట్టి తాడు దూర్చాడు. పలకని స్కూటర్ వెనక సీటు మీద కట్టి, దాని మీద ఆ గుడ్డ వేసి, పడవకి ఎలా కట్టాడో అలాగే కట్టాడు. రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచాడు. పడవకీ అంతే ఉంచాడు, టీచరమ్మ ఒక్కతే వెయ్యాలి, తియ్యాలి కాబట్టి. షెడ్డులో నిలబెట్టిన పడవకి ఆ వదులు మంచిదే.

ఊరి బయటి రోడ్డెక్కి టోల్‌గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చాడు. మళ్లీ వెళ్లి వచ్చాడు. రానూ పోనూ రెండుసార్లు, వంద కిలోమీటర్లు. దారంతా వెనక గుడ్డ టపటప కొట్టుకుంటూనే ఉంది. వెళ్తున్నంత సేపూ, ఏమీ కాకపోతే బాగుండునని మనసులో ఒక మూల అనిపిస్తూనే ఉంది. ఏమీ కాకపోతే అది ముసురే. ఆ మాట అనిపించినందుకు తనని తాను తిట్టుకున్నాడు. అయినా అనిపించడం ఆగలేదు.

రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర స్కూటర్ ఆపి తాడు విప్పాడు. గుడ్డ లోపలివైపు సన్నటి మట్టి. పలక మీద రెండు చారలు. వేలెడు ఎడం.

టీ కొట్టువాడు వంగి చూశాడు. "పాడైపోయిందే, మంచి పలక."

"పాడు చేశాను," అన్నాడు జంటకుట్టు.

షెడ్డుకి వెళ్లేసరికి బావ డబ్బాలన్నీ కట్ట కట్టేశాడు. జంటకుట్టు పలకని బల్ల మీద పెట్టాడు, పక్కన గుడ్డ పెట్టాడు. బావ పలకని వెలుతురు వైపు తిప్పాడు. మొహం చిట్లించాడు.

"దీన్నెవడు రుద్దాడు?"

"నా గుడ్డ. వంద కిలోమీటర్లు స్కూటర్ వెనక కట్టి తిప్పాను."

బావ బొటనవేలితో ఒక చారని తడిమాడు, తర్వాత రెండోదాన్ని. గుడ్డని తిరగేసి కుట్టు చూశాడు. ఫోన్ తీసి టీచరమ్మ ఫొటో తెరిచి పలక పక్కన పెట్టాడు. తొందరపడలేదు. పూత ఆరిందో లేదో చూసేటప్పుడు ఎంతసేపు చూస్తాడో అంతసేపు చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఫొటో చూపించినప్పుడే."

"అప్పుడు ముసురు అన్నావు."

"అన్నాను."

"పన్నెండు రోజులు," అన్నాడు బావ.

జంటకుట్టు నిలబడే ఉన్నాడు. ఏదైనా అంటాడని చూశాడు. దొంగ అనొచ్చు, దద్దమ్మ అనొచ్చు, పెళ్లాం తమ్ముడివని ఊరుకుంటున్నా అనొచ్చు. ఏది అన్నా దానికి బదులు పలికే అలవాటు అతనికుంది. బావ పలకని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

"టీచరుగారికి ఫోన్ చెయ్యి. ఇక్కడి నుంచే. గట్టిగా వినపడేలా పెట్టు."

జంటకుట్టు చేశాడు. టీచరమ్మ వెంటనే ఎత్తింది. పడవ ఇంకా సరస్సు దగ్గరే ఉందని, చెక్క తడి ఆరాక అక్కడే ఎవరిచేతైనా పూతంతా గీకించేద్దామనుకుంటున్నానని చెప్పింది. అతను ఆవిడ చెప్పేది పూర్తయ్యేదాకా ఆగాడు. తర్వాత తను చెప్పాల్సింది చెప్పాడు. మోటారుసైకిల్ సంగతి చెప్పాడు. ఎర్ర అక్షరాల సంగతి కూడా చెప్పాడు. అది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. చెప్పేటప్పుడు బావ వైపు చూడలేకపోయాడు.

టీచరమ్మ అంతా వింది.

"నేను రెండుసార్లు అడిగాను మాస్టారూ."

"అడిగారు. మీరు పడవ గురించి అడిగారు, నేను కవరు గురించి చెప్పాను."

"మరి ఏం చేసి ఉండాల్సింది?"

"విప్పేసి తీసుకెళ్లాల్సింది. లోపల తెడ్లూ బల్లలూ కదలకుండా కట్టేసి, పడవని ట్రెయిలర్‌కి బిగించి. రాయి తగిలితే ఒక గాటు పడుతుంది, వాన పడితే తుడుచుకుంటారు. అంతకంటే ఏమీ కాదు. దారి మీద కవరు వేయాలంటే అది వేరేగా కుట్టాలి. ఒంటికి అతుక్కున్నట్టుండాలి, అంచు కింద మెత్తటి గుడ్డ ఉండాలి, జానెడుకో పట్టీ ఉండాలి. నేను కుట్టింది నిలబెట్టిన పడవకి. అది నాకు తెలుసు."

"తెలుసు," అంది టీచరమ్మ. ఆవిడ ప్రశ్నలా అనలేదు. "నాకంటే ముందు ఆయనకి చెప్పారా?"

"ఇప్పుడే చెప్పాను."

"ఆయనకివ్వండి ఫోన్."

బావ ఫోన్ తీసుకుని షెడ్డు వెనక వైపుకి నడిచాడు. జంటకుట్టుకి ముక్కలు ముక్కలుగానే వినపడింది. "అయ్యో, మీరెందుకమ్మా అలా... లేదు, లేదు... చూస్తాను. పడవ రానివ్వండి, చూసి చెప్తాను." కుంచెల కట్ట బల్ల మీద అలాగే ఉంది, కాగితం చుట్టి, దారం కట్టి.

అప్పుడే అక్క రెండు గ్లాసులతో టీ పట్టుకుని లోపలికొచ్చింది. తమ్ముణ్ణి చూడగానే మొహం విప్పారింది.

"వచ్చావా. మాట్లాడావా మరి? నేను చెప్పానుగా, నీ మాటైతే వింటాడని." గ్లాసు అతని చేతికిచ్చి, ఫోన్ పట్టుకుని తిరిగొస్తున్న మొగుడి వైపు తిరిగింది. "ఏమంటున్నాడు మా తమ్ముడు?"

బావ ఫోన్ బల్ల మీద పెట్టాడు. రెండో గ్లాసు తీసుకున్నాడు.

"నీ తమ్ముడే చెప్తాడు," అన్నాడు.

అక్క పీట లాక్కుని కూర్చుంది, చెప్పు అన్నట్టు చూసింది. బావకి చెప్పడం ఒక ఎత్తు, టీచరమ్మకి చెప్పడం ఒక ఎత్తు. తన కవరుని మొగుడి మొహాన కొట్టి గర్వపడ్డ అక్కకి చెప్పడం ఇంకో ఎత్తు. ఆమె చూపు తప్పించుకోవడానికి అతను గ్లాసులోకి చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, ఆ పూత పోవడానికి కారణం బావ కాదు," అని మొదలుపెట్టాడు.